‘ఇంకో మాట’లో పిన్ని గొంతు

బాబాయి పోయిన మూడు నెలలకు, ఒక శనివారం మధ్యాహ్నం, నోయిడాలో పిన్ని ఉంటున్న ఫ్లాటుకి వెళ్ళాను. ఓటర్ల జాబితాలో ఆయన పేరు ఇంకా ఉందని, దాన్ని తీయించే ఫారం ఫోన్లో నింపడం తనకు చేతకావడం లేదని కబురు చేసింది. పిన్ని కూతురు లల్లి పుణేలో ఉద్యోగం చేస్తుంది. దాన్ని అడిగితే “అక్కా సే కరవా లో మమ్మీ” అని నా మీదికి తోసేసిందట. నేను సోఫాలో కూర్చుని బాబాయి పేరు, ఆయన తండ్రి పేరు, వయసు నింపి, కారణం అన్న చోట ఉన్న గడుల్లో ఒకదాన్ని నొక్కి పంపించాను. ఒక మనిషి వెళ్ళిపోయాడని సర్కారుకు చెప్పడానికి పట్టింది అయిదు నిమిషాలు. అయిపోయింది పిన్నీ అన్నాను. పిన్ని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే, “ఎలాగూ అందులోనే ఉన్నావు కదా, నాది కూడా తీసెయ్యి” అంది.

“బతికున్నవాళ్ళ పేరు అలా తియ్యరు పిన్నీ.”

“ఊళ్ళో లేనని రాయి. వెయ్యని ఓటు ఉంటే ఎంత, లేకపోతే ఎంత? ప్రతిసారీ ఎవరో ఒకళ్ళు వచ్చి బెల్లు కొట్టడం, నేను మోకాలు నొప్పని చెప్పడం.”

రేపటి నుంచి పాల ప్యాకెట్టు ఒక్కటి చాలు అన్నంత మామూలుగా అంది ఆ మాట. అలా కుదరదని మళ్ళీ చెప్పాను. సరేలే అని ఊరుకుంది. పిన్ని ఓటు వేయడం మానేసి దాదాపు ఇరవై ఏళ్ళయింది. ఎందుకు మానేసిందో నాకు తెలుసు. నా వల్లే మానేసింది. ఈ ఇరవై ఏళ్ళలో ఊళ్ళోవాళ్ళ తప్పుల గురించి పత్రికల్లో బోలెడు రాశాను. మా ‘ఇంకో మాట’ రేడియో గురించి మాట్లాడమని అప్పుడప్పుడూ పిల్లలు పిలుస్తారు, వెళ్ళి నవ్వు పుట్టించే సంగతులు నాలుగు చెప్పి, శాలువా కప్పించుకుని వస్తాను. ఈ ఒక్కటీ ఎక్కడా చెప్పలేదు, రాయలేదు. ఇక దాచుకునే ఓపిక లేక రాస్తున్నాను.

నేను ఢిల్లీకి వచ్చింది కలెక్టరు కావడానికి. కరోల్ బాగ్‌లో కోచింగు తీసుకుని రెండుసార్లు రాశాను, రెండుసార్లూ మొదటి పరీక్ష దగ్గరే ఆగిపోయాను. ఇంటికి వెళ్తే పెళ్ళి మాట ఎత్తుతారు, ఇక్కడే ఉంటే ఏం చేస్తున్నావని అడుగుతారు. రెండోదే నయమనిపించింది. బాబాయి, అంటే మా నాన్న తమ్ముడు, ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఆర్కే పురంలో ఆయనకి రెండు గదుల క్వార్టరు. వెనక బాల్కనీకి అద్దాలు బిగించి దాన్ని మూడో గది చేశారు. అందులో ఒక మడత మంచం, లల్లి పాత సైకిలు, చలికి కప్పుకునే రజాయిలు పెట్టే రేకు పెట్టె, నేను. చలికాలం మొదట్లో ఆ పెట్టె తెరిచినప్పుడు నాఫ్తలీన్ ఉండల వాసన గదంతా నిండిపోయి, వారం దాకా నా బట్టల్ని వదిలేది కాదు. కింద ఇంటివాళ్ళు ఆవనూనె కాచే ఘాటు, పిన్ని పోపులో ఇంగువ, ఈ రెండూ మెట్ల మలుపు దగ్గర కలిసేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఆవనూనె పొగ తగిలితే నాకు ఆకలేస్తుంది.

బాబాయి పొద్దున్న పనులకు ఒక వరస ఉండేది, దాన్ని దేవుడు కూడా మార్చలేడు. ఆరింటికి లేచి పాల బూత్‌కి వెళ్ళి రావడం. స్టీలు గ్లాసులో కాఫీ. తర్వాత హాల్లో, ఫోను బల్ల పక్కన మేకుకి తగిలించిన అద్దం ముందు గడ్డం. మంచం మీద దుప్పటి నాలుగు మడతలు వేసి తన ప్యాంటు తనే ఇస్త్రీ చేసుకునేవాడు, నీళ్ళు చేత్తో చిలకరించి. ఎనిమిదీ నలభైకి గేటు బయట చార్టర్డ్ బస్సు. మంత్రిత్వ శాఖల్లో పనిచేసేవాళ్ళంతా నెలవారీగా మాట్లాడుకున్న బస్సు అది, ఎవరి సీటు వాళ్ళదే. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఫ్రిజ్ మీద రేడియో మోగుతూనే ఉండాలి. అందులో ఏడున్నరకి ‘పెద్దల మాట’.

ఒక చిన్న ఎఫ్ఎం స్టేషన్ వాళ్ళు పొద్దున ఒక గంట తెలుగుకి ఇచ్చారు. ఆ గంటని విశ్వనాథం గారని ఒక రిటైరైన పెద్దాఫీసరు నడిపేవారు. గొంతు బంగారం. మొదట ఒక శ్లోకం, దానికి అర్థం, అక్కణ్ణుంచి మెల్లగా లోకం మీదికి వచ్చేవారు. మునిర్కాలో గదులు తీసుకుని చదువుకునే ఆడపిల్లలు ఎన్నింటికి గది చేరుతున్నారో, ఎవరితో చేరుతున్నారో ఆయనకే బాధ. ఉద్యోగాల్లో ఎవరికి ఎంత వాటా దక్కాలో, చరిత్ర పుస్తకాల్లో ఏది అబద్ధమో, ఇల్లాలు గడప దాటితే ఇల్లు ఏమవుతుందో అన్నీ చెప్పేవారు. ప్రైవేటు రేడియోలో వార్తలు చెప్పకూడదు కనుక వార్తనే నీతికథ చేసి చెప్పేవారు. “అనగనగా ఒక రాజ్యంలో” అని మొదలుపెడితే ఏ రాజ్యమో అందరికీ తెలిసేది. చివర్లో శ్రోతల ఫోన్లు. మెచ్చుకునేవాళ్ళని మాట్లాడనిచ్చేవారు. ఎవరైనా “కాదండీ, నా ఉద్దేశంలో” అన్నారో, “శుభం” అని లైను కట్ చేసేవారు. బస్సులో ఆఫీసు చేరేదాకా అందరూ ఆ గంటనే నెమరేసుకునేవారని బాబాయే చెప్పేవాడు.

దీనికి పోటీగా ఇంకో రేడియో పెట్టాలని ప్రభాకర్ గారికి బుద్ధి పుట్టింది. ఆయన ఇంగ్లీషు పత్రికల్లో చాలా ఏళ్ళు పనిచేసి, పోట్లాడి బయటికొచ్చిన మనిషి. చలికాలమంతా ఒకటే ముదురాకుపచ్చ స్వెటరు. స్టేషన్ పెట్టే అనుమతి మాకు రాదు, అందుకని ఫోనునే రేడియో చేశారు. ఒక నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే కాసేపటికి మిషన్ తిరిగి ఫోను చేస్తుంది. ఒకటి నొక్కితే ఆ రోజు చర్చ వినొచ్చు, రెండు నొక్కితే మీ అభిప్రాయం చెప్పొచ్చు. శ్రోతకి పైసా ఖర్చు లేదు. నోయిడాలో ఒక జిరాక్సు షాపు మీద రెండు గదులు, గోడలకి పరుపుల దూది, నలుగురం మనుషులం. దానికి ‘ఇంకో మాట’ అని పేరు పెట్టారు. మొదటిరోజే మా అందరినీ కూర్చోబెట్టి, “వాళ్ళలా అరవద్దు, వాళ్ళలా కట్ చెయ్యద్దు. ఈ రెండూ చెయ్యకపోతే చాలు, జనం మన దగ్గరికి వస్తారు” అన్నారు. మేం నమ్మాం. మేం ఎదురు చూస్తున్న మాటే అది. అప్పటికి నోయిడాకి మెట్రో లేదు, రెండు బస్సులు మారి వెళ్ళేదాన్ని, ఆ మాట తలుచుకుంటూ నిలబడే వెళ్ళేదాన్ని.

నా పని రికార్డింగులు వినడం, బాగున్నవి ఏరడం, దగ్గులూ గరగరలూ తీసేయడం. బాబాయికి నా ఉద్యోగం ఏమిటో తెలుసు. కోప్పడలేదు, సరదాపడ్డాడు. నన్ను “ప్రతిపక్షం” అనేవాడు.

“ఏమ్మా ప్రతిపక్షం, ఇవాళ మీ వాళ్ళు ఏం తేల్చారు?”

“తేల్చలేదు బాబాయ్, చర్చించాం.”

“అదే నేననేది. మీ ప్రభాకర్ ఒకవైపు నుంచి చూస్తే అంటాడు, మరోవైపు నుంచి చూస్తే అంటాడు, ఈలోగా నా బస్సు వెళ్ళిపోతుంది. విశ్వనాథం గారు చూడు, గడ్డం గీసుకునేలోపు తేల్చేస్తారు.”

“ఆయన తేల్చడం కాదు, లైను కోసేస్తారు.”

“లైను పెద్దవాళ్ళ చేతిలో ఉండాలే,” అని నవ్వేవాడు. పిన్ని మా ఇద్దరికీ వడ్డిస్తూ ఏ పక్కా మాట్లాడేది కాదు. పప్పు కావాలా అనేది, అంతే. పిన్నికి ఈ గొడవలు పట్టవని నేను అనుకునేదాన్ని. ఆ ఇంట్లో రెండేళ్ళు ఆవిడ చేతి అన్నం తిని, ఆవిడ గురించి నేను తెలుసుకున్నది అంత.

మా దగ్గరికి జనం వచ్చారు, కాదనను. కాకపోతే ఎవరు వచ్చారన్నది వేరే సంగతి. కొందరు ఆంధ్రా వెళ్ళే రైలు ఎన్నింటికని అడిగేవారు. కొందరు ఇంగ్లీషులో మొదలుపెట్టి ఇంగ్లీషులోనే ముగించేవారు. ‘పెద్దల మాట’ అభిమానులు మేం ఎవర్నీ కట్ చెయ్యబోమని కనిపెట్టేసి, వరసగా ఫోన్లు చేసి మా మిషన్ నిండా శ్లోకాలు చదివారు. అది కూడా అభిప్రాయమే, వెయ్యాల్సిందే అన్నారు ప్రభాకర్ గారు. ఒక వారమంతా మా రేడియోలో విశ్వనాథం గారి గొంతు తప్ప ఆయన చెప్పే మాటలన్నీ వినిపించాయి. అప్పుడే నాకొక ఆలోచన వచ్చింది. ‘పెద్దల మాట’కి ఫోను చేసిన మనిషి తన మాట వెళ్ళిందో లేదో తెలియక కొట్టుకునేవాడు. మనం అలా ఉండకూడదు, ఎవరి మాట వేశామో వాళ్ళకి మర్యాదగా చెప్పాలి అన్నాను. ఆదివారం పొద్దున, ఆ వారం ప్రసారమైన ప్రతి మాటకీ, అది వచ్చిన నంబరుకి మిషనే ఫోను చేసి “మీ మాట ఈ వారం ప్రసారమైంది, వినండి” అని చెప్పి, ఆ ముక్క వినిపించాలి. ప్రభాకర్ గారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. మునిర్కా గదుల నుంచి వచ్చేవాళ్ళం, తలా ఒక సెల్‌ఫోను ఉన్నవాళ్ళం, నంబరంటే ఒక మనిషి అని మా లెక్క. ఇంటి ఫోను ఇంటిల్లిపాదిదీ అని ఒక్కరికీ తట్టలేదు. మిగతావాళ్ళ సంగతి సరే, హాల్లో ఫోను బల్ల ఉన్న ఇంట్లోంచి రోజూ వెళ్ళే నాకైనా తట్టాల్సింది.

ఒక వారం చర్చ ‘మీ ఇంట్లో నిర్ణయాలు ఎవరివి’ అని. రికార్డింగులు వింటున్నాను. చెవులకి హెడ్‌ఫోన్స్, చేతిలో చాయ్. నాలుగో ఐదో దాంట్లో ఒక ఆడగొంతు వచ్చింది.

“నా పేరు చెప్పనండీ. మా ఇంట్లో నిర్ణయాలన్నీ మావారివే. ఆయన మంచివారు, నాకేం లోటు చెయ్యలేదు. ఎలక్షన్ రోజు పొద్దున్నే తలంటి పోసుకుని ఇద్దరం కలిసి వెళ్తాం. దారిలో ఏ గుర్తుకి వెయ్యాలో చెప్తారు. నేను తలూపుతాను. లోపలికెళ్ళాక నాకు నచ్చినదాని మీద నొక్కుతాను. బయటికొచ్చాక వేశావా అంటారు, వేశానంటాను. అబద్ధం కాదు కదండీ. ఆ మిషన్ చుట్టూ అట్ట కడతారు చూడండి, పెళ్ళయ్యాక నేను ఒక్కదాన్నే నిలబడ్డ చోటంటూ ఉంటే అదే. ఒక్క నిమిషమే అనుకోండి. వెనకాల లైన్లో వాళ్ళు తొందరపెడుతుంటారు కూడానూ. అయినా ఆ నిమిషం కోసం నేను అయిదేళ్ళు చూస్తాను. అంతేనండీ, పొయ్యి మీద పాలున్నాయి.”

‘నా పేరు చెప్పనండీ’ అన్నప్పుడే నాకు తెలిసిపోయింది. పొద్దున నన్ను “లేవవే, గీజరు వేశాను” అని లేపిన గొంతే. నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, ఆ తర్వాత సిగ్గేసింది. ఇన్నాళ్ళూ నేను ప్రతిపక్షాన్ననుకుంటూ భోజనాల బల్ల దగ్గర వాదించాను. అసలు ప్రతిపక్షం నా కంచంలో పప్పు వడ్డిస్తూ ఉంది. ప్రభాకర్ గారు విని, కుర్చీలోంచి లేచారు. “ఇదమ్మా మనకి కావల్సింది! దీని కోసమే కదా ఇదంతా పెట్టింది. ఎవరో తెలుసా?” అన్నారు. తెలియదన్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి పిన్నిని ఒక్కమాట అడగొచ్చు. వంటింట్లో ఇద్దరమే ఉన్నాం, చపాతీలు నేనే కాల్చాను. అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు. వద్దన్నాక వెయ్యలేనని కూడా తెలుసు. మా రేడియోకి అలాంటి మాట అంతకుముందు రాలేదు, తర్వాతా రాలేదు. పేరు లేదు కదా, ఎవరికి తెలుస్తుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వారం మొత్తం వేశాం. విన్నవాళ్ళు మళ్ళీ మిస్డ్ కాల్ ఇచ్చి మరీ విన్నారు.

ఆదివారం పొద్దున బాబాయి గడ్డం కాస్త ఆలస్యం. లల్లి ట్యూషన్‌కి వెళ్ళింది. వంటింట్లో పిన్ని పెసరట్లు పోస్తోంది, అల్లం కాలుతున్న వాసన వస్తోంది. నేను హాల్లో కింద కూర్చుని పేపరు చూస్తున్నాను. ఫోను మోగింది. అద్దం ముందున్న బాబాయి, సగం ముఖానికి నురగతో, చెయ్యి చాచి ఎత్తాడు. “హలో... హాఁ జీ...” అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. ఆదివారమని, పొద్దుటిపూటని, ఆ మిషన్‌కి మర్యాద నేర్పింది నేనేనని ఒక్కసారిగా గుర్తొచ్చింది. లేచి ఆ తీగ పీకేయొచ్చు. లేవలేకపోయాను. ఆయన వింటూనే ఉన్నాడు, రిసీవరు చెవికి గట్టిగా ఆనించుకుని. ముఖం మీద నురగ ఆరిపోతోంది.

“ఎవరండీ ఫోను?” అని వంటింట్లోంచి పిన్ని కేకేసింది. ఒక చెవిలో ఆ గొంతు, రెండో చెవిలో ఈ గొంతు. బాబాయి రిసీవరు మెల్లగా పెట్టేశాడు. “ఏదో కంపెనీ వాళ్ళు,” అన్నాడు. మిగిలిన సగం గడ్డం గీసుకోవడానికి చాలాసేపు పట్టింది. పెసరట్లు తిన్నాడు. బాగున్నాయన్నాడు కూడా.

మధ్యాహ్నం అన్నాల దగ్గర, మజ్జిగ పోస్తున్న పిన్నిని చూడకుండా అడిగాడు.

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఏంటండీ?”

“నీకు నచ్చినదాని మీద నొక్కడం.”

పిన్ని చేతిలో గరిటె ఆగింది. ఆయన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. పొద్దుటి ఫోను ఏమిటో తెలిసిపోయింది ఆవిడకి.

“మొదటి నుంచీ,” అంది.

“ఢిల్లీ వచ్చినప్పటి నుంచా?”

“అంతకుముందు నుంచి.”

బాబాయి అన్నంలో మజ్జిగ కలుపుకున్నాడు. “నాకు చెప్తే కాదనేవాణ్ణా?” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అదే నాకు భరించడం కష్టమైంది. విశ్వనాథం గారి చేతిలో ఉన్నట్టు ఆయన చేతిలోనూ ఒక లైను ఉంటే, కట్ చేసేవాడు కాదు.

“అనరు. అందుకే చెప్పలేదు,” అంది పిన్ని. “చెప్తే సరేననేవారు. అప్పుడది మీరు సరేనన్న ఓటయ్యేది.”

ఆయన నా వైపు తిరిగాడు. “శారదా, నీ దగ్గరికి వచ్చే కదా వెళ్తాయి అవన్నీ? నీకు మీ పిన్ని గొంతు తెలియలేదా?”

“లేదు బాబాయ్,” అన్నాను. “రోజుకి బోలెడు వస్తాయి. మిషన్లోంచి వచ్చేసరికి గొంతులు మారిపోతాయి.”

నేను ఇంకా ఏదో అనబోయేలోపే పిన్ని అందుకుంది. “దాన్ని అంటారేంటండీ! ఫోన్లో నా గొంతు నాకే తెలియదు, దానికేం తెలుస్తుంది పాపం.”

“దానికి తెలుసు,” అన్నాడు బాబాయి. “తెలిసే వేసింది.” అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

నెల తిరక్కుండా నేను మునిర్కాలో గది తీసుకున్నాను. వెళ్ళమని ఎవరూ అనలేదు. నన్ను ప్రతిపక్షం అనడం ఆయన మానేశాడు, అంతే. పిన్ని ఒక చిన్న కుక్కరు, రెండు రజాయిలు కట్టి ఇచ్చింది. బస్సులో ఎవరెవరు విన్నారో, ఎవరు గుర్తుపట్టారో అని బాబాయికి అనుమానం పట్టుకుంది. చార్టర్డ్ బస్సులో తన సీటు వదులుకుని, మామూలు బస్సుల్లో నిలబడి ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదట. అనకపోవడం వల్లే ఆయన అనుమానం తీరలేదు. ఆ తర్వాత వచ్చిన ఎలక్షన్ రోజు పొద్దున, తలంటి పోసుకుని, ఉతికిన బట్టలు వేసుకుని, “పద, నీ ఇష్టం వచ్చినదానికి వేసుకో, నేనేం చెప్పను” అన్నాడట పిన్నితో. మనస్ఫూర్తిగానే అన్నాడు. తను చెయ్యగలిగిన పెద్ద మర్యాద అదేననుకున్నాడు. పిన్ని మోకాలు నొప్పిగా ఉంది, మీరెళ్ళి రండి అంది. అప్పుడు ఆవిడ మోకాళ్ళు బాగానే ఉన్నాయి. అలా మొదలైన నొప్పి అది.

‘ఇంకో మాట’ ఏడాదిన్నర నడిచి ఆగిపోయింది. ఎవరూ మూయించలేదు, మేమే అలసిపోయాం. ఎవర్నీ కట్ చెయ్యని రేడియోలో చివరికి మాకు మాట్లాడే సందు దొరకలేదు. ప్రభాకర్ గారు స్వెటరు మడిచి సంచిలో పెట్టుకుని కాకినాడ వెళ్ళిపోయారు. ‘పెద్దల మాట’ గంట నుంచి మూడు గంటలయింది. విశ్వనాథం గారూ పోయారు. ఇప్పుడు ఆయన మాటలే మాట్లాడేవాళ్ళని ఫోను తెరిస్తే చాలు చూడొచ్చు, వాళ్ళకి ఆ గొంతు లేదు, శుభం అనే మర్యాద కూడా లేదు. మా పక్షంవాళ్ళూ తక్కువ తినలేదు. మొన్న నోయిడాలో నన్ను పిలిచిన పిల్లల స్టూడియోలో ముగ్గురు కూర్చుని, ముగ్గురూ ఒకే మాట అంటూ, అవునవునని తలలూపుకుంటూ గంట గడిపారు. వీధికి అవతల ఇంకో స్టూడియోలో ఇంకో ముగ్గురు ఇదే చేస్తుంటారు. నేనూ మారాను. చుట్టాల ఫోను గ్రూపుల్లో సగంమంది నోళ్ళు నొక్కేసి పెట్టాను, వాళ్ళు పంపేది నాకు కనిపించదు, హాయిగా ఉంది. ఒకే ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక రేడియో, బాల్కనీ గదిలో ఇంకో రేడియో ఉండి, రెండింటివాళ్ళూ ఒకే పప్పు తిన్న రోజులు మంచివని అనబోతాను. అనలేను. ఆ పప్పు వండిన మనిషి ఏ రేడియోదో మేం ఇద్దరం ఎప్పుడూ అడగలేదు.

మొన్న శనివారం పిన్ని చిక్కుడుకాయలు పక్కన పెట్టి కాఫీ కలిపి తెచ్చింది. ఎదురుగా కూర్చుని బాబాయి సంగతులు చెప్పుకుంటూ పోయింది, ఆసుపత్రిలో ఉప్పు లేని అన్నం పెడుతున్నారని నర్సుతో గొడవపడిన సంగతీ, లల్లితో ఫోన్లో హిందీలో మాట్లాడుతూ మాట్లాడుతూ తెలుగులో తిట్టిన సంగతీ. చెప్తూ చెప్తూ ఒకచోట ఆగింది.

“నీ మీద ఆయనకి కోపం లేదే,” అంది. “ఒక్క విషయంలోనే మాకు పడేది కాదు. నీకు నా గొంతు తెలుసని ఆయన, తెలియదని నేను. నువ్వు వచ్చి వెళ్ళిన ప్రతిసారీ ఇదే గొడవ. లల్లి పెళ్ళికి నిన్ను పిలవద్దన్నారు ఒకసారి. పిల్లని అలా అనుమానించడానికి మీకు నోరెలా వచ్చిందని వారం రోజులు మాట్లాడలేదు నేను. ఆఖరికి ఆయనే వచ్చి పిలిచారు కదా నిన్ను.”

వచ్చాడు. మునిర్కా మెట్లు ఆయాసపడుతూ ఎక్కి, శుభలేఖ ఇచ్చి, మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. ఆ రోజు ఆయన నా ముఖంలోకి చూడలేదు. ఆయనకి నా మీద ఇంకా కోపమే అనుకున్నాను. ఆ రాకకి పిన్ని ఎంత పోరాడిందో నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం నాకు అలవాటే. కానీ ఎదురుగా కూర్చుని ఆవిడ నన్ను అంత నమ్మకంగా చూస్తుంటే, ఆ నమ్మకం నాది కానిదని తెలిసి, ఇంక దాన్ని ఉంచుకోలేకపోయాను.

“తెలుసు పిన్నీ,” అన్నాను. “నీ మొదటి మాటకే తెలిసిపోయింది. తెలిసే వేశాను. అడిగితే వద్దంటావని అడగలేదు.”

పిన్ని తిట్టలేదు, ఏడవలేదు. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, చీర కొంగుతో బల్ల తుడిచింది. తడి లేకపోయినా తుడుస్తూనే ఉంది.

“అయితే ఆయన అన్నదే నిజం,” అంది.

అవునన్నాను.

“పోయే ముందు వారం కూడా అన్నారు. శారదకి తెలుసే, నువ్వే ఒప్పుకోవు అని. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఆ పూటంతా మాట్లాడలేదు.” నన్ను చూసింది. “ఇప్పుడీ సంగతి ఆయనకి ఎవరు చెప్తారే?”